సిరామిక్‌లో రంధ్రాన్వేషణ: 2 నానోసెకన్ల కాంపొనెంట్‌ను రంధ్రం అనుకోవచ్చా?

#1 · రంధ్రాన్వేషి

మెగ్నీషియం అల్యూమినేట్ స్పైనెల్ బిళ్ళలు. తేమ సెన్సర్ కోసం చేసినవి, 1200 డిగ్రీల దగ్గర రెండు గంటల సింటరింగ్ (పొడిని కరగకుండా కాల్చి గట్టిపరచడం). మెర్క్యురీ పోరోసిమెట్రీలో (పాదరసాన్ని ఒత్తిడితో రంధ్రాల్లోకి నెట్టి కొలిచే పద్ధతి) వందల నానోమీటర్ల రంధ్రాలు బాగానే కనబడ్డాయి, 4 నానోమీటర్ల కింద మాత్రం శూన్యం. పాజిట్రాన్ లైఫ్‌టైమ్ స్పెక్ట్రమ్‌లో మూడు కాంపొనెంట్లు (వేర్వేరు జీవితకాలాల వాటాలు) వచ్చాయి: 0.19, 0.41, 2.2 నానోసెకన్లు. మూడోదాని ఇంటెన్సిటీ 1.8 శాతం. జీవితకాలం నుంచి రంధ్రం సైజు తీసే టావో-ఎల్‌డ్రప్ సూత్రంలో వేస్తే వ్యాసార్ధం 0.3 నానోమీటర్లని వస్తోంది.

సెటప్: సోడియం-22 సోర్స్, సుమారు 0.8 మెగాబెక్వెరల్, 7.5 మైక్రాన్ల కాప్టన్ (పాలీఇమైడ్ ప్లాస్టిక్) ఫాయిళ్ళ మధ్య. రెండు బేరియం ఫ్లోరైడ్ డిటెక్టర్లు ఎదురెదురుగా. టాక్ (రెండు గామాల మధ్య సమయాన్ని కొలిచే సర్క్యూట్) రేంజ్ 50 నానోసెకన్లు. శాంపిల్ మామూలు గాలిలోనే ఉంది. ఫిట్ వేరియన్స్ (1కి దగ్గరైతే ఫిట్ బాగున్నట్టు) 1.04.

ఈ 0.3 నానోమీటర్లు నిజంగా రంధ్రమేనా? పేపర్లో రాసేయొచ్చా?

#2 · ఐదొందల_పదకొండు

అప్పుడే రాయకండి. 1.8 శాతం అనేది చాలా చిన్న అంకె. ఇంత చిన్నదాన్ని పుట్టించగల దొంగలు మీ సెటప్‌లోనే నలుగురైదుగురున్నారు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. సోడియం-22 పాజిట్రాన్‌ను వదిలిన కొద్ది పికోసెకన్లలోనే 1274 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్టుల) గామా కూడా వదులుతుంది. గడియారం నొక్కేది అదే. పాజిట్రాన్ శాంపిల్లో ఎలక్ట్రాన్‌ను కలిసి మాయమైతే 511 కేఈవీ గామాలు రెండు వస్తాయి, గడియారం ఆగుతుంది. ఆక్సైడ్ గ్రెయిన్ (సిరామిక్‌లోని చిన్న స్ఫటికం) ఉపరితలం దగ్గర కొన్ని పాజిట్రాన్లు ఎలక్ట్రాన్‌తో జతకట్టి పాజిట్రోనియం అవుతాయి. నాలుగింట ఒక వంతు పారా, 125 పికోసెకన్లలో పోతుంది. మిగతా మూడు వంతులు ఆర్థో. ఒంటరిగా వదిలేస్తే ఇది 142 నానోసెకన్లు బతికి మూడు గామాలుగా విడిపోతుంది. రంధ్రంలో చిక్కుకుంటే గోడలకు కొట్టుకుంటూ అక్కడి ఎలక్ట్రాన్‌తో ముందే మాయమవుతుంది. రంధ్రం ఎంత ఇరుకైతే ఆయుష్షు అంత తక్కువ. ఈ పద్ధతి మొత్తం ఈ ఒక్క సంగతి మీదే నిలబడింది.

మెర్క్యురీతో సరిపోలకపోవడం వింతేమీ కాదు. స్పర్శకోణం 140 డిగ్రీలు, తలతన్యత మీటరుకు 0.485 న్యూటన్లుగా తీసుకుంటే 414 మెగాపాస్కల్ దగ్గర కూడా పాదరసం 3.6 నానోమీటర్ల వ్యాసం కంటే సన్నని సందులోకి దూరదు. పైగా అది తెరుచుకున్న రంధ్రాల్లోకే పోగలదు. నైట్రోజన్ వాయువును పట్టించి కొలిచే పద్ధతి కూడా అంతే, దారి ఉంటేనే ఆ వాయువు లోపలికి వెళ్తుంది. పాజిట్రోనియం పుట్టేదే లోపల కాబట్టి మూసుకున్న రంధ్రం కూడా దానికి కనబడుతుంది. అందుకే మూడు పద్ధతుల అంకెలూ ఒకటే రావాలని పట్టుబట్టకూడదు.

ఇక మీ 0.41 నానోసెకన్లు. కాప్టన్‌లో పాజిట్రాన్ జీవితకాలం 382 పికోసెకన్లు. సోర్స్ కరెక్షన్, అంటే ఫాయిల్లోనే చచ్చిన పాజిట్రాన్ల వాటా, తీసేశారా?

#3 · రంధ్రాన్వేషి

తీయలేదు. కాప్టన్‌లో పాజిట్రోనియం పుట్టదు కదా, దానివల్ల ఇబ్బంది ఉండదనుకున్నాను.

#4 · సోడియం_సుబ్బడు

అక్కడే దెబ్బ పడింది. కాప్టన్‌లో పాజిట్రోనియం పుట్టదన్నది నిజమే, దాన్ని వాడేదే అందుకు. మైలార్ (పాలియెస్టర్ ఫిల్మ్) వాడితే ఆర్థో కాంపొనెంట్ అదే ఇచ్చేస్తుంది. కానీ పాజిట్రాన్లలో పది శాతం చుట్టూ ఆ ఫాయిల్లోనే ఆగిపోతాయి. ఆ 382 తీయకపోతే మీ రెండో కాంపొనెంట్‌లో కలిసిపోతుంది. రెండోదాని విలువ కదిలితే మూడోదీ కదులుతుంది, ఫిట్‌లో ఒకదాని చేయి ఒకటి పట్టుకునే ఉంటాయి.

2 నానోసెకన్ల దొంగ ఎక్కడెక్కడ ఉంటాడో చూడండి. ఫాయిల్ అంచులు అంటించిన ఎపాక్సీ సోర్స్ చుక్క దగ్గరికి పాకి ఉంటే అందులో 1.5 నుంచి 2 నానోసెకన్ల కాంపొనెంట్ పుడుతుంది. జిగురు అంచున మాత్రమే ఉండాలి, చుక్కకీ దానికీ మధ్య కనీసం 4-5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. చుక్కను ఒకేసారి ఆరబెడితే ఉప్పు మధ్యలో గడ్డకట్టి అందులోనే కొన్ని పాజిట్రాన్లు చస్తాయి. కొద్దికొద్దిగా వేసి ఇన్‌ఫ్రారెడ్ దీపం కింద ఆరబెట్టడం మంచిది. ఫాయిల్ ముడత పడి శాంపిల్‌కి అంటకపోతే ఆ సందులోని గాలిలో కూడా పాజిట్రోనియం పుట్టొచ్చు.

పరీక్ష సులువే. బాగా ఎనీల్ చేసిన (వేడిచేసి నెమ్మదిగా చల్లార్చిన) శుద్ధ నికెల్ రేకులు రెండు, ఒక్కొక్కటి అర మిల్లీమీటరుకు తక్కువ కాకుండా, అదే సోర్స్‌కి అటూ ఇటూ పెట్టి పది లక్షల కౌంట్లు తీయండి. నికెల్‌లో పాజిట్రోనియం పుట్టదు. అక్కడ కూడా 2 నానోసెకన్ల కాంపొనెంట్ ఒక శాతం దాకా కనబడిందంటే మీ రంధ్రం బిళ్ళలో లేదు, సోర్స్‌లో ఉంది. అలాగే సిలికాన్ పెట్టి 218 పికోసెకన్లు వస్తున్నాయో లేదో చూసుకోండి. టైమ్ కాలిబ్రేషన్ తప్పితే అక్కడ బయటపడుతుంది.

ఒక మెలిక ఉంది. ఫాయిల్లో ఆగే వాటా శాంపిల్‌ను బట్టి మారుతుంది. బరువైన పరమాణువులున్న శాంపిల్ పాజిట్రాన్లను ఎక్కువగా వెనక్కి తోసేస్తుంది, అవి ఫాయిల్ గుండా మళ్ళీ వెళ్తాయి. కాబట్టి నికెల్‌లో వచ్చిన శాతాన్ని స్పైనెల్‌కి యథాతథంగా పెట్టేయకూడదు, కాస్త తక్కువ తీసుకోవాలి. పరమాణు సంఖ్యలో స్పైనెల్‌కి దగ్గరగా ఉండే ఎనీల్ చేసిన అల్యూమినియంతో మరోసారి చూడండి, 0.16 నానోసెకన్ల చుట్టూ రావాలి.

సోర్స్ విప్పి మళ్ళీ అతికించాలనిపిస్తే ఆగండి. అది సేఫ్టీ ఆఫీసర్ సమక్షంలో, ఫ్యూమ్ హుడ్‌లో, వైప్ టెస్టుతో (తుడిచి, రేడియోధార్మికత అంటిందేమో చూడడం) చేసే పని. బెంచి మీద చేసేది కాదు.

#5 · బట్టీ_పక్కన

సోర్స్ మీదే పడ్డారు గానీ బిళ్ళ సంగతి ఎవరూ అడగలేదు. బైండర్ ఏం వాడారు? పాలీవినైల్ ఆల్కహాల్ అయితే 500-600 డిగ్రీల దాకా నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున వెళ్ళి అక్కడ గంటైనా ఆపారా? హడావిడిగా వేడిచేస్తే బయటి పొర ముందే మూసుకుని లోపల మసి మిగులుతుంది. బిళ్ళను విరిచి చూడండి, నడిమధ్యన బూడిదరంగు కనబడితే అదే.

పాలిష్ కోసం బిళ్ళను మైనంతో అంటించారా, రెసిన్‌లో పోతపోశారా? రెసిన్ ఇంకిన శాంపిల్ ఈ కొలతకు ఇక పనికిరాదు. రెసిన్ రంధ్రాల్లోకి పోయి తన సొంత 2 నానోసెకన్లు చూపిస్తుంది. మైనమైతే ఎసిటోన్‌లో అల్ట్రాసోనిక్ పెట్టి, ఆ తర్వాత గాలిలో 500 డిగ్రీల దగ్గర కాల్చి తీసేయొచ్చు. నిజానికి ఈ పనికి అద్దంలా మెరిసే పాలిష్ అక్కర్లేదు. రెండు బిళ్ళలూ సోర్స్‌కి చదునుగా ఆనితే చాలు.

మందం సంగతి: సోడియం-22 పాజిట్రాన్లు సాంద్రత 3.6 ఉన్న నిండు స్పైనెల్‌లో సగటున 70 మైక్రాన్ల చుట్టుపక్కల ఆగుతాయి. వెయ్యిలో ఒకటి మిగలాలంటే దానికి ఏడు రెట్లు, అంటే అర మిల్లీమీటరు. 30-40 శాతం ఖాళీ ఉన్న బిళ్ళకు ఒక మిల్లీమీటరు ఉంచండి. బిళ్ళలు సన్నగా ఉంటే వెనక శాంపిల్ హోల్డర్ కూడా స్పెక్ట్రమ్‌లో కూర్చుంటుంది. హోల్డర్ ప్లాస్టిక్ అయితే చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి: రంధ్రాలు లేని స్పైనెల్ ఒకటి పక్కన పెట్టుకుని పోల్చండి. పారదర్శక స్పైనెల్ అంటే కాంతిని చెదరగొట్టే రంధ్రాలు దాదాపు లేనట్టే. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థలో దాని మీద పని జరిగింది, మన దేశంలో దొరకని సరుకేం కాదు. అందులో కూడా అదే 2.2, అదే 1.8 శాతం వస్తే ఇక వాదనే లేదు.

#6 · ఐదొందల_పదకొండు

నీటి గురించి ఎవరూ మాట్లాడలేదు. నీటిలో ఆర్థో జీవితకాలం 1.8 నానోసెకన్లు. తేమ సెన్సర్ కోసం చేసిన బిళ్ళ, పైగా గాలిలో కొలిచారు. దాని పనే నీళ్ళు తాగడం! 120-150 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో నాలుగైదు గంటలు ఆరబెట్టి, గాలి తగలకుండా కొలవండి. అంటుకున్న నీరు అలా పోతుంది. రసాయనికంగా పట్టుకున్న హైడ్రాక్సిల్ మాత్రం 400 దాటితే గానీ వదలదు, దాన్ని అలాగే ఉండనివ్వండి.

వాక్యూమ్‌కి రెండో కారణం ఆక్సిజన్. ఆ అణువు పారామాగ్నెటిక్, ఆర్థోను పారాగా మార్చి చంపేస్తుంది. 2 నానోసెకన్ల కాంపొనెంట్‌కి ఇది పెద్దగా తగలదు, అంత కొద్ది ఆయుష్షులో ఆక్సిజన్‌ను ఢీకొనే అవకాశం తక్కువ. పదుల నానోసెకన్లు బతికేదానికి మాత్రం గట్టి దెబ్బ. గాలిలో కొలిచి రంధ్రం చిన్నదని రాసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

మీ బిళ్ళలో పదుల నానోసెకన్లది ఉందా లేదా అన్నదే మీకు తెలియదు. 50 నానోసెకన్ల రేంజ్‌లో అది కనబడదు.

#7 · రంధ్రాన్వేషి

బ్యాక్‌గ్రౌండ్ కాస్త ఎక్కువగానే ఉంది. అది సోర్స్ వల్లనుకున్నాను.

#8 · ఛానెల్_నారాయణ

సోర్స్ వల్లా కావచ్చు, పొడవాటి కాంపొనెంట్ వల్లా కావచ్చు. 50 నానోసెకన్ల రేంజ్‌లో పీక్ తర్వాత మిగిలేది 40. ఆయుష్షు 60 నానోసెకన్లు అయితే 40 గడిచేసరికి సగానికి పైగా ఇంకా బతికే ఉంటాయి. ఫిట్ దాన్ని చదునైన బ్యాక్‌గ్రౌండ్‌గా మింగేసి, మింగలేని భాగాన్ని మీ మూడో కాంపొనెంట్ మీద రుద్దుతుంది. వేరియన్స్ 1.04 వచ్చిందని సంబరపడకండి, తప్పు మోడల్‌తో కూడా అది వస్తుంది. పీక్‌కి ఎడమవైపు బ్యాక్‌గ్రౌండ్‌నీ కుడిచివరి బ్యాక్‌గ్రౌండ్‌నీ విడిగా సగటు తీసి పోల్చండి. కుడివైపు ఎక్కువుంటే పొడవాటిది ఉన్నట్టే.

రెండు రన్‌లు చేయాలి. మొదటిది ఇప్పుడున్నదే: 50 నానోసెకన్లు, 4096 ఛానెళ్ళు, ఛానెల్‌కి 12.2 పికోసెకన్లు. రెండోది 500 నానోసెకన్ల రేంజ్, 8192 ఛానెళ్ళు ఉంటే ఛానెల్‌కి 61 పికోసెకన్లు. రెండో రన్‌లో పొట్టి కాంపొనెంట్లను నమ్మకండి, మొదటి రన్‌లో వచ్చినవే ఫిక్స్ చేయండి.

రెండో రన్‌కి మీ 0.8 మెగాబెక్వెరల్ చాలా ఎక్కువ. 500 నానోసెకన్ల కిటికీలో మరో పరమాణువు విచ్ఛిన్నమయ్యే అవకాశం 33 శాతం. 0.2 మెగాబెక్వెరల్‌తో అది పది శాతం లోపే. కొలత రోజుల తరబడి సాగుతుంది, తప్పదు. అందుకే ప్రతి గంటకూ స్పెక్ట్రమ్ విడిగా సేవ్ చేసి, పీక్ ఎక్కడికైనా జరిగిందేమో చూసి, సరిచేసి కలపండి. మే నెలలో రాత్రి కరెంటు పోయి ఏసీ ఆగితే డిస్క్రిమినేటర్ (పల్స్ వచ్చిన క్షణాన్ని పట్టే సర్క్యూట్) నుంచి హై వోల్టేజ్ దాకా అన్నీ కాస్త మారిపోతాయి. గంటగంటకూ సేవ్ చేసి ఉంటే ఆ రెండు గంటలు పారేస్తే సరిపోతుంది.

స్టాప్ కిటికీ, అంటే గడియారం ఆపే డిటెక్టర్ లెక్కలోకి తీసుకునే శక్తి మేర, కూడా మార్చాలి. 511 పీక్ మీదే బిగించి ఉంటారు. ఆర్థో తనంతట తాను చస్తే వచ్చే మూడు గామాల శక్తి సున్నా నుంచి 511 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. పెద్ద రంధ్రాల్లోవి సగం మీకు లెక్కలోకే రావు. రెండో రన్‌లో కింది అంచు 150 కేఈవీ దాకా దించండి. రెజల్యూషన్ చెడుతుంది, పదుల నానోసెకన్ల దగ్గర దానితో పనిలేదు.

#9 · మూలమూల

డిటెక్టర్లు ఎదురెదురుగా పెట్టడం కూడా నాకు నచ్చలేదు. రెండు 511లూ వ్యతిరేక దిశల్లో పోతాయి కదా. ఒకటి స్టాప్‌లో పడితే దాని జంట సరిగ్గా స్టార్ట్ డిటెక్టర్‌లోనే పడి 1274తో కలిసిపోతుంది. స్టార్ట్ పల్స్ ఆకారం చెడి టైమ్ తప్పుతుంది. ఇంకా ఒక డిటెక్టర్లో చెదిరిన 1274 వెనక్కి వచ్చి రెండోదాన్ని తాకితే, మధ్య దూరం ప్రతి 3 సెంటీమీటర్లకు 0.1 నానోసెకను ఆలస్యంతో పీక్ పక్కన చిన్న మూపురం లేస్తుంది. 90 డిగ్రీల్లో పెట్టి మధ్యలో సీసం దిమ్మ ఉంచండి.

#10 · ఛానెల్_నారాయణ

90 పెడితే శాంపిల్ హోల్డర్, వాక్యూమ్ పైపు, ఫ్లాంజ్ అన్నీ అడ్డం వస్తాయి, డిటెక్టర్ దూరమై కౌంట్ రేటు మూడో వంతుకి పడిపోవచ్చు. ఎదురెదురుగానే ఉంచి సోర్స్‌ను ఆ గీత మీద నుంచి 2-3 సెంటీమీటర్లు పక్కకు జరిపితే జంట 511 రెండో డిటెక్టర్‌ను తప్పించుకుంటుంది. 1274 అన్ని వైపులకూ సమానంగా పోతుంది కాబట్టి అసలు కోయిన్సిడెన్స్‌లో (1274, 511 జంటగా దొరకడం) పోయేది కొద్దిగానే.

#11 · మూలమూల

ఒప్పుకుంటాను, చిన్న క్రిస్టల్స్ అయితే. రెండంగుళాలవి అయితే ఆ జరుపుడు చాలదు.

#12 · గోడగుద్ది_చెప్తా

రంధ్రం సైజు లెక్క గురించి. టావో 1972లో, ఎల్‌డ్రప్ బృందం 1981లో ఇచ్చిన సూత్రం ఇది: వ్యాసార్ధాన్ని నానోమీటర్లలో తీసుకుని (వ్యాసార్ధం + 0.166) తో భాగిస్తే వచ్చేది 'క' అనుకోండి. జీవితకాలం = 0.5 ÷ [1 − క + సైన్(6.283 × క) ÷ 6.283] నానోసెకన్లు. కోణం రేడియన్లలో. 0.25 నానోమీటర్లకు 1.64, 0.30కి 2.16, 0.35కి 2.80, 0.50కి 5.55 వస్తాయి. మీ 2.2కి 0.3 సరైనదే, లెక్కలో తప్పు లేదు.

గమనించారా, 0.25 నుంచి 0.35కి వెళ్తే ఆయుష్షు 70 శాతం పెరిగింది. ఈ మేరలో ఇది చాలా పదునైన కొలబద్ద. కానీ ఈ సూత్రానికి 142 నానోసెకన్ల సంగతి తెలియదు, రంధ్రం పెంచుకుంటూ పోతే ఆయుష్షు హద్దు లేకుండా పెరిగిపోతుంది. ఒక నానోమీటరు వ్యాసార్ధానికి 27.4 ఇస్తుంది. మూడు గామాల దారిని కూడా కలిపితే 23. తేడా అక్కడే మొదలవుతుంది.

రెండో చిక్కు: సూత్రం పాజిట్రోనియం అట్టడుగు శక్తిస్థాయిలోనే ఉందని నమ్ముతుంది. గోళాకార రంధ్రంలో ఆ శక్తి 0.188 ఎలక్ట్రాన్ వోల్టులను వ్యాసార్ధం వర్గంతో భాగిస్తే వస్తుంది, పై మెట్టుకి దూరం కూడా దాదాపు అంతే. ఒక నానోమీటరు దగ్గర ఈ దూరం గది ఉష్ణోగ్రత శక్తి 0.025 కంటే ఏడెనిమిది రెట్లు, కాబట్టి ఫరవాలేదు. 2.5 నానోమీటర్ల దగ్గర 0.03కి పడిపోతుంది, పై మెట్లన్నీ నిండుతాయి. అక్కడ నుంచి గోవొరెక్ బృందం విస్తరించిన రూపమో, మిషిగన్‌లో గిడ్లీ బృందం చేసిన పెట్టె ఆకారపు రూపమో వాడాలి. పెట్టె రూపంలో 0.166 బదులు 0.18 వస్తుంది. ఉష్ణోగ్రత కూడా ఇవ్వాలి.

పెద్ద రంధ్రాలకు వ్యాసం బదులు సగటు స్వేచ్ఛా పథం చెప్పడం నిజాయితీగా ఉంటుంది: ఘనపరిమాణానికి నాలుగింతలు తీసుకుని ఉపరితల వైశాల్యంతో భాగించడమే. పొడవాటి గొట్టానికి అది వ్యాసమే అవుతుంది, గోళానికి వ్యాసంలో మూడింట రెండు వంతులు, రెండు పలకల మధ్య సందుకు సందు వెడల్పుకి రెట్టింపు. ఒకే ఆయుష్షుకి ఆకారాన్ని బట్టి మూడు సైజులు! సింటర్ చేసిన బిళ్ళలో గ్రెయిన్ల మధ్య సందులు గోళాలు కావని అందరికీ తెలుసు, పేపర్లలో మాత్రం గోళమే రాస్తారు. కొన్ని పదుల నానోమీటర్లు దాటాక ఆయుష్షు 142కి అంటుకుపోతుంది, ఇక సైజు చెప్పలేరు. మీ మెర్క్యురీ చూపిన వందల నానోమీటర్ల రంధ్రాలు ఈ పద్ధతికి వట్టి ఖాళీ స్థలం.

#13 · కొత్త_బిళ్ళ

మధ్యలో దూరుతున్నాను. ఇంటెన్సిటీ నుంచి పోరోసిటీ శాతం తీయొచ్చా? 0.0018 అనే స్థిరాంకంతో గుణించే సూత్రం ఒకటి చూశాను.

#14 · గోడగుద్ది_చెప్తా

ఆ స్థిరాంకం ఎపాక్సీ పాలిమర్లది. సిరామిక్‌కి తగిలిస్తే వచ్చేది అంకె మాత్రమే, దానికి అర్థం ఉండదు.

#15 · బట్టీ_పక్కన

ఎందుకో కూడా చెప్పాలి. నిండు అల్యూమినా, స్పైనెల్ గ్రెయిన్ లోపల పాజిట్రోనియం పుట్టదు. పాజిట్రాన్ పాక్కుంటూ గ్రెయిన్ అంచుకి వస్తేనే పుడుతుంది, అది పాకగలిగేది మహా అయితే వంద నానోమీటర్ల చుట్టుపక్కల. 1100 డిగ్రీల దగ్గర గ్రెయిన్లు చిన్నవి, చాలా పాజిట్రాన్లు అంచుకి చేరతాయి. 1400 దగ్గర గ్రెయిన్ మైక్రాన్లకు పెరిగితే ఎక్కువ భాగం లోపలే చస్తాయి. రంధ్రాల మొత్తం మారకపోయినా ఇంటెన్సిటీ పడిపోతుంది. దాన్ని చూసి రంధ్రాలు తగ్గాయని రాసేస్తే తప్పు. ముడిపదార్థంలో ఇనుము, కోబాల్ట్ కలిసి ఉన్నా ఆర్థో చెడుతుంది, ఇంటెన్సిటీ, ఆయుష్షు రెండూ నమ్మలేం. ఒకే పొడి, ఒకే గ్రెయిన్ సైజు, ఒక్క మార్పు ఉన్న శాంపిళ్ళను ఒకదానితో ఒకటి పోల్చడం వరకే ఇంటెన్సిటీ పనికొస్తుంది.

#16 · ఐదొందల_పదకొండు

రంధ్రాన్వేషి గారూ, మీది తేమ సెన్సర్ కాబట్టి ఈ పద్ధతి అసలు బలం మీకు తేమతోనే తెలుస్తుంది. ఉక్రెయిన్‌లోని ల్వివ్, పోలండ్‌లోని ఓపోలె పరిశోధకులు స్పైనెల్ బిళ్ళల మీద ఈ దారిలోనే నడిచారు. ఆరిన బిళ్ళను కొలిచి, తర్వాత మూసిన గదిలో సంతృప్త ఉప్పు ద్రావణాలతో తేమను మెట్టుమెట్టుగా పెంచుతూ మళ్ళీ మళ్ళీ కొలవండి. 25 డిగ్రీల దగ్గర లిథియం క్లోరైడ్ 11 శాతం, మెగ్నీషియం క్లోరైడ్ 33, మెగ్నీషియం నైట్రేట్ 53, మామూలు ఉప్పు 75, పొటాషియం క్లోరైడ్ 84, పొటాషియం సల్ఫేట్ 97 ఇస్తాయి.

కెల్విన్ సమీకరణం ప్రకారం ఆవిరి నీరుగా మారి నిండే రంధ్రం వ్యాసార్ధం, 1.05 నానోమీటర్లను (1 ÷ తేమ నిష్పత్తి) సహజ లాగరిథంతో భాగిస్తే వస్తుంది. 33 శాతం దగ్గర 0.94, 53 దగ్గర 1.65, 75 దగ్గర 3.6, 84 దగ్గర 6, 97 దగ్గర 34 నానోమీటర్లు. గోడకి అంటిన నీటి పొర మందం దీనికి అదనం. ఒకటి రెండు నానోమీటర్ల కింద ఈ సమీకరణాన్ని మరీ నమ్మకండి, అక్కడ నీటికి ద్రవ లక్షణమే సరిగా ఉండదు.

పొడవాటి కాంపొనెంట్ 53 నుంచి 75కి వెళ్ళేసరికి మాయమై 1.8 దగ్గర ఇంటెన్సిటీ పెరిగితే, ఆ రంధ్రాలు తెరిచి ఉన్నాయి, సైజు ఆ మధ్యన ఉంది. 97 దగ్గర కూడా కదలకపోతే అది మూసుకున్న రంధ్రం. మీ 2.2 ఎండబెట్టినా తడిపినా 1.8 శాతం దగ్గరే నిలబడితే, సుబ్బడు గారి నికెల్ పరీక్షకే తిరిగి వెళ్ళండి.

#17 · కొత్త_బిళ్ళ

సిలికాన్ కార్బైడ్ బిళ్ళకి కూడా ఇలాగే చేయొచ్చా? అలాగే 400 నానోమీటర్ల సిలికా పూతకి?

#18 · గోడగుద్ది_చెప్తా

సిలికాన్ కార్బైడ్ సెమీకండక్టర్, గ్రెయిన్ లోపల పాజిట్రోనియం పుట్టదు. బల్క్ ఆయుష్షు 140 పికోసెకన్ల చుట్టూ ఉంటుంది. వేకెన్సీలు, వాటి గుంపులు ఉంటే 200, 300, 400కి పెరుగుతుంది. అక్కడ మీరు కొలిచేది పరమాణువులు లేచిపోయిన ఖాళీలను, రంధ్రాలను కాదు. టావో-ఎల్‌డ్రప్ ఆ గడప తొక్కకూడదు.

పూతకి సోడియం-22 సోర్స్ నేరుగా పనికిరాదు. పాజిట్రాన్లు పూతను దాటేసి కింది వేఫర్లో ఆగుతాయి. నెమ్మది పాజిట్రాన్ బీమ్ కావాలి. మన అణు పరిశోధన కేంద్రాలైన కల్పాక్కం ఐజీకార్‌లో, ముంబై బార్క్‌లో అలాంటి బీమ్‌లు ఉన్నాయి, కానీ అడిగేముందు లైఫ్‌టైమ్ తీస్తారా, డాప్లర్ (511 గామా శక్తి ఎంత వెడల్పయిందో) మాత్రమేనా కనుక్కోండి. లైఫ్‌టైమ్‌కి పల్స్ బీమ్ కావాలి, జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర, మ్యూనిక్‌లో అవి ఉన్నాయి. సగటు లోతు నానోమీటర్లలో: 40ని సాంద్రతతో భాగించి, కేఈవీల్లోని శక్తిని 1.6 ఘాతానికి పెంచి గుణించండి. సాంద్రత 1.2 ఉన్న పూతలో 5 కేఈవీకి 440 వస్తుంది, అంటే అప్పటికే పూత దాటిపోతున్నారు. 2-3 కేఈవీల్లో ఉండండి. రంధ్రాలు పైకి తెరుచుకుని ఉంటే పాజిట్రోనియం బయటికి పారిపోయి 142 చూపిస్తుంది. పైన పలచటి మూత పూత వేసి, వేయకుండా రెండుసార్లు కొలిస్తే తెరుచుకున్నవెన్నో తెలిసిపోతుంది.

#19 · రంధ్రాన్వేషి

నికెల్ రన్ పూర్తయింది. 2.0 నానోసెకన్ల కాంపొనెంట్ 1.3 శాతం వచ్చింది. అంటే నా రంధ్రంలో ఎక్కువ భాగం జిగురే. కొత్త సోర్స్ కోసం అడిగాను. ఈలోగా వాక్యూమ్ ఛాంబర్ బిగిస్తున్నాం. ఇదే సోర్స్‌ను వాక్యూమ్‌లో పెట్టొచ్చా?

#20 · సోడియం_సుబ్బడు

పెట్టకండి. రెండు ఫాయిళ్ళ మధ్య చిక్కిన గాలి బయట ఒత్తిడి పోగానే ఉబ్బుతుంది. 7.5 మైక్రాన్లు తట్టుకోవచ్చు, మీ పాత జిగురు అంచు వదిలేయొచ్చు. వదిలితే సోడియం-22 ఉప్పు పొడి పంపు దాకా పోతుంది. కొత్త సోర్స్ అతికించేటప్పుడే వాక్యూమ్‌లో వాడతామని చెప్పండి. అప్పుడు కూడా వాల్వ్ కొద్దిగా తెరిచి, వాతావరణం నుంచి వెయ్యి పాస్కల్ దాకా దిగడానికి పది నిమిషాలు తీసుకోండి. సోర్స్‌ను రెండు బిళ్ళల మధ్య మెత్తటి స్ప్రింగ్‌తో నొక్కి ఉంచితే ఉబ్బడానికి చోటుండదు. స్ప్రింగ్ మరీ బిగువైతే బిళ్ళ గరుకు అంచు ఫాయిల్‌ను కోస్తుంది, అందుకని బిళ్ళల అంచులు ముందే 1200 గ్రిట్ కాగితంతో కాస్త రుద్దండి. ఛాంబర్ తెరిచిన ప్రతిసారీ లోపల వైప్ తీసి కౌంటర్ కింద చూశాకే చేయి పెట్టండి.